కరువును నటించే పురుగు

రైబోజోమ్ నిర్మాణాన్ని ఛేదించి 2009లో నోబెల్ పొందిన వెంకి రామకృష్ణన్ 2024లో 'వై వుయ్ డై' అనే పుస్తకం వెలువరించారు. వృద్ధాప్యం, మృత్యువు వస్తువులుగా గల ఆ రచనలో నన్ను ఎక్కువసేపు నిలిపివేసినది ఒక పురుగు కథ. వైద్యులకు నులిపురుగు అనగానే ఆల్బెండజోల్ బిళ్ళ గుర్తుకొస్తుంది. సీ. ఎలిగాన్స్ ఆ వంశానిదే గానీ పరాన్నజీవి కాదు. కుళ్ళిన పండ్ల మీద బాక్టీరియాను తింటూ బతుకుతుంది. పొడవు ఒక మిల్లీమీటరు, ఆయుష్షు రెండు మూడు వారాలు.

1993లో సాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సింథియా కెన్యన్ బృందం, డాఫ్-2 అనే ఒక్క జన్యువు బలహీనపడిన పురుగులు రెట్టింపుకు మించి జీవించాయని చూపింది. తోటి పురుగులు కదలలేక పడి ఉండే వయసులో ఇవి చురుకుగా పాకాయి. నాలుగేళ్ళ తరువాత గ్యారీ రవ్‌కన్ ప్రయోగశాల ఆ జన్యువును చదివి చూస్తే, అది మన ఇన్సులిన్ గ్రాహకానికి దగ్గరి చుట్టమని తేలింది.

మధుమేహ రోగుల మధ్య పాతికేళ్ళు గడిపిన నాకు ఇది మింగుడుపడని సంగతి. ఇన్సులిన్ మాట శరీరం వినకపోతే కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు ఏమవుతాయో రోజూ చూస్తున్నాను. అదే అవిధేయత పురుగుకు దీర్ఘాయువు ఎలా అయింది?

సమాధానం ఆ జన్యువు అదుపులో పెట్టే మరో జన్యువులో ఉంది. తిండి సమృద్ధిగా ఉన్నంతకాలం డాఫ్-2 పంపే సంకేతం డాఫ్-16 అనే ప్రోటీన్‌ను కణకేంద్రకం బయటే నిలిపి ఉంచుతుంది. సంకేతం సన్నగిల్లితే అది లోపలికి చేరి ఎన్నో జన్యువులను మేల్కొలుపుతుంది: వేడికి చెదిరే ప్రోటీన్లను కాచేవి, ఆక్సీకరణాన్ని అడ్డేవి, సూక్ష్మజీవులతో పోరాడేవి. డాఫ్-16ను తొలగిస్తే దీర్ఘాయువు కూడా పోతుంది. ఇదంతా నిజానికి కరువు కాలానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. తిండి లేక, గుంపు ఎక్కువైతే పిల్లపురుగు ఎదగడం మానేసి, నోరు మూసుకుని, నెలల తరబడి మంచిరోజుల కోసం వేచి ఉంటుంది. కెన్యన్ పురుగు మాత్రం ఎదిగి, ఎదుట నిండు విస్తరి పెట్టుకునే కరువు కట్టుదిట్టాలన్నీ పాటిస్తోంది. కడుపుకు తెలిసిన కలిమి కణానికి తెలియదు.

2000లో గోర్డన్ లిత్‌గో బృందం ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం నా దృష్టిలో 1993 నాటి దానికంటే బరువైనది. ఇదే మార్గంలో మరో జన్యువు మారిన దీర్ఘాయుష్కులనూ మామూలు పురుగులనూ ఒకే పళ్ళెంలో పెంచారు. తిండి ఉన్నంతకాలం రెండూ సమానంగానే నిలిచాయి. మధ్యమధ్య పస్తులు పెట్టేసరికి కొద్ది తరాల్లోనే దీర్ఘాయుష్కులు వెనుకబడిపోయారు. నిజమైన కరువు వచ్చినప్పుడు కరువును నటించేవాళ్ళే ఓడిపోయారన్నమాట! చిరాయువు మీద వచ్చే పుస్తకాల అట్టల మీద ఈ ముక్క ఎందుకో కనిపించదు.

అమెరికాలో నా దగ్గరకు వచ్చే తెలుగువారిలో ఒకాయన, యాభై దాటినవాడు, మధుమేహం లేనివాడు, మెట్‌ఫార్మిన్ రాయమని ఏడాదిగా అడుగుతున్నాడు. "పురుగుకు పనిచేసింది, మాకెందుకివ్వరండీ డాక్టరుగారూ?" అని నవ్వుతాడు. లండన్‌లో 2013లో తేలినదేమిటో చెప్పాను: ఆ మందు పురుగు ఆయువును పెంచింది, పురుగు తినే బాక్టీరియాలో ఫోలేట్ జీవక్రియను మార్చి. బాక్టీరియాకు ప్రాణం లేకపోతే ఆ మేలు కూడా లేదు. ఆయన నవ్వలేదు. ఊళ్ళో ఎనభై దాటిన తల్లి మూడేళ్ళుగా మంచం మీదే ఉందనీ, వీడియోలో తనను గుర్తుపట్టడం లేదనీ అన్నాడు. అడుగుతున్నది ఎక్కువ ఏళ్ళు కాదని అప్పటికి అర్థమైంది. ఆ ప్రశ్నకు పురుగుల దగ్గరా స్పష్టమైన జవాబు లేదు. పెరిగిన ఆయువులో ఎంత భాగం ఓపికతో గడుస్తుందన్నదాని మీద ప్రయోగశాలల మధ్య వాదం ఇంకా తెగలేదు.

మెట్‌ఫార్మిన్ రాయలేదు. ఆయన రక్తపోటు మాత్రం ఎక్కువగా ఉంది. దానికి మందు రాసి, నెల తరువాత రమ్మన్నాను.