పింక్ ఫ్లాయిడ్ వారి ఊరు

మా బావమరిది కేంబ్రిడ్జిలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆరేళ్ళుగా రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. సెలవు దొరికితే డబ్బుండదు, డబ్బుంటే సెలవుండదు. గుమాస్తా బ్రతుకు సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. చివరకు 2024 మే నెలలో టిక్కెట్లు తానే కొని పంపేసరికి, మేమూ మా ఇంటావిడా ఆవకాయ సీసాలు చీరెల మడతల్లో భద్రపరచుకొని బరంపురం నుంచి బయలుదేరాము.

కేంబ్రిడ్జి అనగానే మాకు తెలిసిన పేరు రామానుజన్ గారిదొక్కటే. మొదటిరోజున ట్రినిటీ కాలేజీ గుమ్మంలో నిలబడి ఆయనకు మనసులోనే నమస్కారం చేసుకున్నాము. ఆ రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది, "రేపు మీకొక బ్యాండు వారి ఊరు చూపిస్తాను బావగారూ" అన్నాడు. బ్యాండు అంటే మాకు తెలిసినది పెళ్ళి ఊరేగింపు ముందు వాయించే మేళమే. ఎర్రకోటు వాళ్ళను చూడడానికి ఇంతదూరం రావాలా అని నవ్వుకున్నాము. అతడు నవ్వలేదు. ఆ బ్యాండు పేరు పింక్ ఫ్లాయిడ్.

మరునాడు హిల్స్ రోడ్డు వెంట నడిచాము. రెండు ప్రక్కలా చెట్లు, పాతకాలపు ఇటుక ఇళ్ళు. ఆ రోడ్డుమీదనే మగపిల్లల హైస్కూలు ఒకటి ఉండేది. ఇప్పుడది సిక్స్త్ ఫారం కాలేజీ. రోజర్ వాటర్సూ, సిడ్ బారెట్టూ అక్కడే చదువుకున్నారు. డేవిడ్ గిల్మోర్ అదే రోడ్డులోని పెర్స్ స్కూలు విద్యార్థి. వాటర్స్ తండ్రి యుద్ధంలో, 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర చనిపోయాడు. అప్పటికి పిల్లవాడికి ఐదు నెలలు. బారెట్ తండ్రి డాక్టరు. ఆయన 1961లో పోయేనాటికి కుర్రవాడికి పదహారేళ్ళు నిండలేదు. తల్లి ఇంట్లో గదులు అద్దెకిచ్చి సంసారం ఈదింది. ఈ మాట వినగానే మా ఇంటావిడ ఆ ఇల్లు చూపించమన్నది. చూచాము. మామూలు ఇల్లే.

వాటర్స్ లండను వెళ్ళి రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో భవన నిర్మాణ శాస్త్రం చదువుతూ, 1962లో నిక్ మేసన్, రిచర్డ్ రైట్ అనే తోటి విద్యార్థులతో కలిశాడు. భవనాలు కట్టడం మాని పాటలు కట్టడం మొదలుపెట్టారు. తరువాత బారెట్ బొమ్మలు వేయడం నేర్చుకోవడానికని లండను వచ్చి వీరిలో చేరాడు. పేరు పెట్టినవాడూ అతడే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికా నీగ్రో గాయకుల పేర్లలో ముందు భాగాలు తీసి జతచేశాడు. 1967లో వచ్చిన మొదటి పెద్ద రికార్డులో పాటలు చాలావరకు అతడు కట్టినవే. అప్పటికి అతడికి ఇరవైయొక్క ఏళ్ళు.

ఆ ఏడాదిలోనే అతడి మనసు చెదరడం మొదలైంది. మత్తుమందులు కారణమని కొందరు, లోపల ఉన్న జబ్బే పైకి వచ్చిందని కొందరు. వేదికమీద గిటారు పట్టుకొని వాయించకుండా నిలబడిపోయేవాడట. స్నేహితులు గిల్మోర్‌ను తోడు తెచ్చుకున్నారు. కొన్నాళ్ళు ఐదుగురూ కలిసి వాయించారు. 1968 జనవరి చివర సౌతాంప్టన్‌లో కచేరీకి కారులో పోతూ, సిడ్‌ను ఎక్కించుకుందామా అని ఒకరంటే, ఇవాళ వద్దులే అని మరొకరు అన్నారట. కారు ఆగలేదు. ఏప్రిల్‌లో అతడు బ్యాండులో లేడని ప్రకటించారు.

ఈ కథ విన్నచోట మేము కొంచెంసేపు బెంచీమీద కూర్చుండిపోయాము. మా అన్నగారు పూర్వం ఒక మెలోడీ పార్టీలో బెంజో వాయించేవారు. గంజాం జిల్లా అంతటా ఆయన చెయ్యి ప్రసిద్ధి. ఆయనకు ఇరవైయారో ఏట మతి నిలకడ తప్పింది. ఒక దసరా రాత్రి పార్టీవారి వ్యాను మా వీధి మొదటనుంచే తిరిగి వెళ్ళిపోయింది. అన్నగారు సిల్కు చొక్కా తొడుక్కొని అరుగుమీద తెల్లవారేదాకా కూర్చున్నారు. వారిని అనడానికేమున్నది, మేమూ ఆ తరువాత పెళ్ళిళ్ళకు ఆయనను తీసుకువెళ్ళడం మానుకున్నాము. మా బావమరిదికి ఇదంతా తెలుసు. అందుకే చూపించాడు గావును. మేము అడగలేదు.

బారెట్ పోయిన తరువాత ఆ నలుగురికీ పేరు వచ్చింది. అప్పట్లో ఇంగ్లీషు పాట అంటే మూడు నిమిషాలు. వీరు 1971లో ఇరవైమూడు నిమిషాల పాట ఒకటి కట్టి రికార్డు ఒక ప్రక్క అంతా దానికే ఇచ్చారు. మన కచేరీలో విద్వాంసుడు రాగం ఎత్తుకొని తీరికగా పెంచినట్లు పెంచుతారు. ప్రోగ్రెసివ్ రాక్ అని దీనికి పేరు. 1973లో వచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అనే రికార్డు అమెరికాలో అమ్మకాల పట్టికలో 700 వారాలకు పైగా నిలిచింది. అందులో డబ్బుమీద ఒక పాట ఉన్నది. నాణేల గలగల, దుకాణంలో గల్లాపెట్టె చప్పుడు, కాగితం చింపిన చప్పుడు, వీటిని వేర్వేరుగా రికార్డు చేసి, ఆ టేపును కొలబద్దతో కొలిచి ముక్కలు కోసి, అంటించి, గుండ్రంగా తిప్పి తాళంగా వాడుకున్నారు. ఏడు దెబ్బల తాళం. మన మిశ్రచాపు లెక్క అన్నమాట. మేము సంగీతజ్ఞులము కాము గాని, ఆ ఏడు మాత్రం వ్రేళ్ళమీద దొరికింది. అన్నగారు చిన్నప్పుడు మా వీపుమీద వాయించి నేర్పినదే.

లండనులో ఆబీ రోడ్ స్టూడియో బయటనుంచే చూచాము. బీటిల్స్ వారు దాటిన చారల దారిని దాటడానికి జనం బారులు తీరి, కార్లవారిచేత తిట్లు తింటున్నారు. మా ఇంటావిడ కూడా దాటింది. మాకు మాత్రం ఆ తెల్లని ఇంటి లోపల 1975 జూన్ 5వ తేదీన జరిగినదే మనసులో ఉన్నది. బారెట్‌ను తలచుకొని కట్టిన తొమ్మిది భాగాల పాటకు వారు తుది మెరుగులు దిద్దుతూండగా, బొద్దుగా, గుండు చేయించుకొని, కనుబొమలు సైతం గొరిగించుకొన్న మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. స్టూడియో పనివాడు కాబోలు అనుకున్నారు. చాలాసేపటికి గాని అతడే సిడ్ అని తెలియలేదు. ఏడేళ్ళకే స్నేహితులు పోల్చుకోలేకపోయారు. తెలిసిన తరువాత కంట నీరు పెట్టుకున్నారని చెబుతారు. తన మీద కట్టిన పాట అతడి ముందే మ్రోగింది.

థేమ్సు ఒడ్డున బాటర్సీ కరెంటు కేంద్రం కూడా చూచాము. నాలుగు తెల్లని పొగగొట్టాలతో మేజాబల్ల తిరగవేసినట్లుంటుంది. 1983లో మూతబడి, 2022లో బట్టల దుకాణాలతో తెరుచుకున్నది. 1976 డిసెంబరులో వీరు ఒక రికార్డు అట్ట కోసం దానిపైన పన్నెండు మీటర్ల రబ్బరు పందిని గాలి నింపి ఎగరవేశారు. మొదటిరోజు తాడు తెగితే కాల్చడానికి తుపాకివాణ్ణి పెట్టుకున్నారు. మరునాడు అతణ్ణి పిలవడం మరిచారు. సరిగ్గా ఆనాడే తాడు తెగింది. పంది హీత్రో విమానాల దారిలోనుంచి పోయి కెంటులో ఒక రైతు పొలంలో దిగింది. ఆఫీసు పనులు నడిచే తీరు ఎక్కడైనా ఒకటే.

ఆ తరువాతది తగవుల చరిత్ర. 1985లో వాటర్స్ విడిపోయాడు, పేరు ఎవరిదని కోర్టు గొడవలు నడిచాయి. 2005 జూలై 2న హైడ్ పార్కులో నలుగురూ ఒక్కసారి కలిసి వాయించారు. ఆనాడు వాటర్స్ వేదికమీదనుంచి సిడ్ పేరు చెప్పాడు.

సిడ్ మాత్రం కేంబ్రిడ్జికే తిరిగి వచ్చాడు. 1982లో లండను నుంచి దాదాపు ఎనభై కిలోమీటర్లు నడిచి వచ్చాడంటారు. పాటలు విడిచి, బొమ్మలు వేసుకుంటూ, తోట పని చేసుకుంటూ, సైకిలుమీద బజారుకు పోతూ బ్రతికాడు. చెల్లెలు కనిపెట్టుకొని ఉండేది. పాత పాటల డబ్బు అతడికి సక్రమంగా అందేటట్లు గిల్మోర్ చూచేవాడట. 2006 జూలై 7న, అరవయ్యో ఏట పోయాడు. చెల్లెలి మాట వచ్చినప్పుడు మా ఇంటావిడ మా వైపు చూచింది. మా అన్నగారికి వేళకు అన్నం, మందు పెడుతున్నది ఆవిడే.

చివరి సాయంత్రం గ్రాంచెస్టర్ పచ్చికబయళ్ళకు వెళ్ళాము. కామ్ నది నీళ్ళు కదులుతున్నాయో లేదో తెలియదు. ఆవులు మేస్తున్నాయి. ఈ చోటు మీద వాటర్స్ ఒక పాట కట్టాడని మా బావమరిది ఫోనులో వినిపించాడు. పక్షుల కూతలు పాటలోవా, చెట్లమీదవా అని రెండుసార్లు తల ఎత్తి చూచాము.

ఇంటికి వచ్చిన తరువాత ఆ డబ్బు పాట అన్నగారికి పెట్టాము. కొంతసేపు గోడవైపే చూస్తూ ఉన్నారు. తరువాత మంచం పట్టెమీద వ్రేళ్ళు కదిలాయి. "ఏడు" అన్నారు. ఆ ఆదివారం అటకమీదనుంచి బెంజో దింపి, తుడిచి, తీగెలు కట్టించడానికి ఇచ్చాము. సన్న తీగెలు రెండు ఇక్కడ దొరకలేదు. కటకం నుంచి తెప్పిస్తామన్నారు.