గెలల లెక్కలో తిరగబడ్డ తేదీలు

రావులపాలెంలో హైవే దిగి అరటి మార్కెట్ యార్డులోకి అడుగుపెడితే గెలల మధ్య దారి వెతుక్కోవాలి. ఒకవైపు కర్పూరం, మరోవైపు చక్కెరకేళి. లంకల నుంచి సైకిళ్ల మీద, ఆటోల్లో వచ్చిన సరుకు బేరం కుదరగానే లారీ ఎక్కి ఒడిశా, బీహార్ దారి పడుతుంది.

ఆ సందడికి వెనక, ఓ కమీషన్ వ్యాపారి గదిలో కంప్యూటర్ ముందు గుమస్తా కూర్చుని ఉన్నాడు. ఏ లోడు ఏ రోజు, ఎన్ని గంటలకు కదిలిందో ఎక్సెల్‌లో ఎక్కించి, నెలాఖరున సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేసి పంపడం అతని పని. ఈ మధ్య ఓ చిక్కొచ్చిందట.

"మేం కొట్టింది జూన్ 5 అండి. అవతలివాళ్ల దగ్గర మే 6 అయ్యి కూర్చుందండి. బాకీ నెల పాతదైపోయిందండి!"

"18వ తేదీ లోడు కూడా అలాగే మారిందా?"

"లేదండి. అది మాత్రం బాగానే ఉందండి."

గుట్టంతా అక్కడే ఉంది. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1 దానికి 1. 2025 జూన్ 5 అంటే 45813. రాత్రి 11.40 అయితే ఆ అంకె పక్కన .986 చేరుతుంది. మనకు కనిపించే 05-06-2025 పైన తొడిగిన చొక్కా మాత్రమే. సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైల్లోకి వెళ్లేది ఆ చొక్కాయే, అంకె కాదు. గడిలో తేదీ ఒక్కటే కనిపించేలా ఫార్మాట్ పెట్టి ఉంటే లారీ కదిలిన గంట అక్కడితో పోయినట్టే.

అవతలి కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 05-06ను మే 6గా చదువుతుంది. 18వ నెల లేదు కాబట్టి 18-06ను తేదీగా ఒప్పుకోక, ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమకు నెట్టేస్తుంది. తమాషా ఏమిటంటే, కుడివైపు పద్ధతిగా నిలబడ్డవే తప్పుడు తేదీలు. ఎడమకు జరిగినవి నిజమైనవి!

ఈ తంటా అరటి వ్యాపారులదే కాదు. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ విసిగి చివరికి ఆ పేర్లనే మార్చేసింది. 2020లో ఆ కమిటీ కొత్త మార్గదర్శకాలు ప్రకటించినప్పుడు ఈ సంగతి ప్రపంచమంతా తెలిసింది. సాఫ్ట్‌వేర్ మారకపోతే శాస్త్రం తలొంచిందన్నమాట.

గుమస్తాకు దొరికిన మందు చిన్నదే. సేవ్ చేసే ముందు తేదీ వరుస మొత్తం ఎంచుకుని, కస్టమ్ ఫార్మాట్‌లో ముందు ఏడాది, తర్వాత నెల, ఆపైన రోజు, పక్కన 24 గంటల లెక్కలో సమయం పెట్టాడు. 2025-06-05 23:40. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పే క్రమమూ ఇదే. ఇందులో రోజు, నెల తారుమారయ్యే సందే లేదు.

అయితే సేవ్ చేసిన సీఎస్‌వీని సరిచూద్దామని ఎక్సెల్‌లోనే డబుల్ క్లిక్ చేస్తే అది మళ్లీ తన సొంత చొక్కా తొడుగుతుంది. ఆ మీద సేవ్ నొక్కితే పడ్డ శ్రమంతా గోదాట్లో కలిసినట్టే. పంపే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అసలు ఎక్సెల్ ఫైలును మాత్రం చెరపకండి.