డోర్నకల్‌కి నేనా?

మీలో ఎంతమంది డోర్నకల్ స్టేషన్లో దిగి ఉంటారు? విజయవాడ నుంచి కాజీపేట వైపు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. భద్రాచలం రోడ్డు లైను అక్కడే చీలుతుంది. చాలామందిమి కిటికీలోంచే చూసి వెళ్లిపోతాం. నేనూ అంతే, మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు మూడు రోజుల సేవకి నా పేరు రాసేదాకా.

సేవ అంటే అక్కడి పల్లెల్లో ఇళ్లకెళ్లి ఆడవాళ్లతో మాట్లాడాలి, వాక్యం చదవాలి, అడిగినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యాలి. నా గుండె గుభేలుమంది. మా తోడికోడలికీ నాకూ రెండేళ్లుగా మాటల్లేవండీ. అత్తగారి గొలుసు ఎవరికన్న దగ్గర మొదలైంది. ఒకే వీధిలో ఉంటూ, ఆవిడ ఎదురొస్తే మొహం తిప్పుకుపోయే మనిషిని. ఏ మొహం పెట్టుకుని ఇంకొకరింటికెళ్లి క్షమించమని చెప్పను? పాస్టరమ్మగారి దగ్గరకెళ్లి, "నేను తగనండీ, వేరెవర్నైనా పంపండి" అన్నాను. "తగినవాళ్లే రావాలంటే ఎవరూ మిగలరమ్మా. దుప్పటి తెచ్చుకో, రాత్రిళ్లు చలి" అన్నారావిడ. అంతే!

పులిహోర పులుసు ఉడికించి సీసాలో పట్టుకెళ్లాం. ఎక్కడ దిగితే అక్కడ అన్నం వండి కలుపుకోవడమే. ప్రయాణాలకి మీరూ చేసి చూడండి.

డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, 2016కి ముందు వరంగల్ జిల్లా. అక్కడి పెద్ద చర్చిని తప్పక చూడాలి. మసీదు గుమ్మటాలు, గుడి మండపంలాంటి స్తంభాలు, అన్నీ ఒక్కచోటే. కట్టడానికి ఏళ్లకేళ్లు పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. కట్టించినాయన బిషప్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1903లో మనవాళ్లే మనవాళ్లకి సేవ చెయ్యాలని ఒక మిషనరీ సంఘం పెట్టడంలో ముందున్నాడు. ఇతరుల్ని వెళ్లమంటున్న నేనెందుకు వెళ్లలేదన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదట. 1909లో, దాదాపు 35 ఏళ్ల వయసులో, నిజాం రాజ్యంలోని ఈ ఊరికి వచ్చి, రాని తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆయన్ని బిషప్ చేస్తామంటే, తగడన్నవాళ్లు దొరల్లోనే కాదు, మనవాళ్లలోనూ ఉన్నారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. భార్య అన్బు గురించి ఇంకా చెప్పేవాళ్లుంటే బాగుండుననిపించింది నాకు. కాలేజీ చదువు చదివిన ఇల్లాలు, పిల్లలతో భాష తెలియని చోట కాపురం పెట్టడం మాటలా?

రెండోరోజు నన్నొక పల్లెలో ఒక అవ్వ ఇంటికి పంపారు. ముంగిట్లో మిరపకాయలు ఎండుతున్నాయి. రాసుకున్న కాగితం తీశాను. రెండు ముక్కలు చదివేసరికి గొంతు పట్టేసింది. అవ్వ కాగితం నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"ముందుగాల కూసో బిడ్డా. నీకేం కష్టమొచ్చింది?"

చెప్పేశాను. గొలుసు సంగతి, పండక్కి ఆవిడ పిల్లలకి బట్టలు పెట్టకపోవడం, అన్నీ. ముక్కూ మొహం తెలియని మనిషికి! ప్రార్థన చెయ్యడానికెళ్లిన నా తలమీద చెయ్యిపెట్టి ఆ అవ్వే ప్రార్థన చేసింది. నాకు సిగ్గేసింది, కానీ లేవబుద్ధి కాలేదు. వచ్చేటప్పుడు ఎండుమిరపకాయలు రెండు పొట్లాలు కట్టింది. "ఒకటి నీకు, ఒకటి నీ తోడికోడలికి."

ఇంటికొచ్చాక ఆ రెండో పొట్లం నాలుగు రోజులు వంటింటి అలమరలోనే ఉంది. ఐదోరోజు పొద్దున్న పట్టుకెళ్లాను. తలుపు ఆవిడే తీసింది. గొలుసు సంగతి ఇప్పటికీ తేలలేదు లెండి. పొట్లం విప్పి చూసి, "ఎక్కడివి?" అంది.

"డోర్నకల్‌వి. ఘాటెక్కువ, చూసి వెయ్యి" అన్నాను.