మీరాలం మండి నుంచి కొత్తూరు దాకా

మా నానమ్మ బతుకంతా ఒక్క రోడ్డు మీదే జరిగింది. ఈ కొసన పాతబస్తీలోని మీరాలం మండి, ఆ కొసన ఆమె తల్లిగారి ఊరు కొత్తూరు, నడుమ అత్తగారి ఊరు శంషాబాద్. మేం బడిలో చదువుకున్నప్పుడు అది 7వ నంబరు జాతీయ రహదారి, కాశీ నుంచి కన్యాకుమారి దాకా. ఇప్పుడు 44. ఆమెకు మాత్రం ఎప్పుడూ ఉత్త సడకే. మా ఇంట్లో ఉన్న భూమి కాగితాల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. అందుకే ఆమె చరిత్రను నేను ఈ సడక్ వెంట వెతుకుతున్నాను.

మీరాలం మండి ఇప్పటికీ కూరగాయల బజారే. నానమ్మ ఇక్కడికి ఆకుకూరలు తెచ్చేది: పుంటికూర, తోటకూర, కొత్తిమీర. సాయంత్రం పొద్దు వాలినాక కోత మొదలు. ఎడమ చేతి పిడికిట్లో పట్టినంత ఒక కట్ట. వేళ్లు దులిపి, కాడలు సమంగా నేలకు తట్టి, తడిపిన గోగునార రెండు చుట్లు చుట్టి, ముడి వేయకుండా కొసను చుట్టు కిందికి దోపేది. ముడి వేస్తే కొన్నవాళ్లు విప్పలేక తెంపుతారు, కాడలు నలుగుతాయి అనేది. కట్టలన్నీ గంపలో నిలబెట్టి, పైన తడి గోనెపట్టా కప్పితే తెల్లారేదాకా వాడవు. నిజాం రాజ్యపు నాణెం హాలీ సిక్కా 1959 దాకా చలామణీలో ఉండేది కాబట్టి మొదటి ఇరవై ఏళ్లు ఆమె లెక్కలన్నీ హాలీ పైసల్లోనే. చదువు లేదు గానీ బేరానికి కావలసిన ఉర్దూ అంతా ఈ బజారే నేర్పింది.

మా తాత చెల్కలో పండిన జొన్నలు ఇంటి తిండికి సరిపోయేవి. చేతిలో ఆడే పైసలు మాత్రం ఈ మండివే. మా నాన్న ఉస్మానియాలో చదివిన చదువుకు ఫీజు కట్టింది ఆకుకూర కట్టలే. ఈ మాట మా నాన్నే చెప్పేవాడు, ప్రతిసారీ గొంతు తగ్గించి.

మండి నుంచి దక్షిణంగా వస్తే బహదూర్‌పురా, జూపార్కు, మీరాలం చెరువు. 21 కమాన్లు పక్కపక్కన నిలిపి కట్టిన ఆ చెరువు కట్టకు రెండు వందల ఏళ్లు దాటాయి. ఉస్మాన్‌సాగర్ రాకముందు నగరానికి మంచినీళ్లు ఇచ్చిన చెరువు అది. జూ 1963లో తెరిచారు. ఖాళీ గంపలతో తిరిగి వస్తుంటే పులి గాండ్రింపు వినబడేదని నానమ్మ చెబితే మేం నమ్మేవాళ్లం. 2025 జనవరిలో ప్రారంభమైన ఫ్లైఓవర్ ఇప్పుడు జూపార్కు నుంచి ఆరాంఘర్‌కు నిమిషాల్లో చేరుస్తుంది. ఎడ్లబండి కాలంలో శంషాబాద్‌లో అర్ధరాత్రి బయలుదేరితే కోడికూత వేళకు మండి. బండి కింద లాంతరు వేలాడేది. ఎడ్లకు తోవ తెలుసు, తోలేవాళ్లు కునికినా అవి ఆగవు.

ఆగేది గగన్‌పహాడ్ దగ్గరే. అక్కడి అప్ప చెరువులో ఎడ్లకు నీళ్లు తాపేవాళ్లు. ఆడవాళ్లు దిగి నడుములు చాపేది, సద్ది విప్పేది కూడా అక్కడే. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు ఆ చెరువు కట్ట తెగింది. నీళ్లు హైవే మీద పడి రోడ్డును కోసుకుపోయాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. అప్పటికి నానమ్మ లేదు. ఉంటే ఆ చెరువు అలుగు ఎటు పారేదో, నీళ్ల దారి ఎటో చెప్పేది. ఇలాంటి ఎరుక ఉన్న ముసలివాళ్లను మనం అడగం. అడిగి రాసుకోవడం ఎవరి పనీ కాకుండా పోయింది.

శంషాబాద్ ఊరు రాకముందే ఎడమకు ఎయిర్‌పోర్టు దారి చీలుతుంది. సుమారు 5,500 ఎకరాల ఆ ఆవరణలో మా చెల్క కూడా కలిసింది. గొల్లపల్లి దిక్కు మోటబాయి, బాయి పక్కన రెండు చింతచెట్లు, దిగువన ఆకుకూరల మళ్లు. భూసేకరణ నాడు కాగితాలు బయటికి తీశారు. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు మా తాత. ఆయన 1971లో పోయాక పెదనాన్న, నాన్న. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం భర్త ఆస్తిలో భార్యకు పిల్లలతో సమానంగా వాటా ఇచ్చింది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పరిహారం కోసం గీసిన వంశవృక్షంలో ఏడు తరాల మగవాళ్లు కొమ్మలు కొమ్మలుగా ఉన్నారు, ఒక్క ఆడమనిషి పేరు లేదు. ఆ మళ్లకు పొద్దుమాపు నీళ్లు కట్టిన మనిషి గడప మీద కూర్చుని ఉండగానే సంతకాలు అయిపోయాయి.

2008 మార్చి 23న విమానాలు మొదలయ్యాయి. నానమ్మ డాబా మీద మంచం వేసుకుని చూసేది. ఒకటి దిగుతుంటే వేలు చాపి, "ఆడ, గా తోక కిందనే ఉండె బిడ్డా మన బాయి" అన్నది. గురి కోసం దూరంగా కనిపించే గుట్టను పట్టుకుంది. నాన్న ఏమీ అనలేదు, ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆమె పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. "హిమాయత్‌సాగర్ కట్ట పూర్తయిన ఏడు" అని ఆమె తల్లి చెప్పిందట, అంటే 1927. శంషాబాద్‌కు పడమర ఉన్న ఆ సాగర్ ఈసీ నది మీద కట్టింది. 1908 మూసీ వరద నగరాన్ని ముంచాక, మళ్లీ అలా జరగకూడదని మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద ఇది కట్టారు. పన్నెండో ఏట పెళ్లి. ఏటా శ్రీరామనవమికి అమ్మపల్లి రామాలయానికి నడిచి వెళ్లేది. సినిమాల్లో తరచూ కనిపించే ఎత్తైన గోపురం ఆ గుడిదే. రజాకార్ల జమానలో కొన్నాళ్లు బండ్లు మండికి పోలేదని, పోలీసు చర్య అయ్యాకే మళ్లీ గంపలెత్తామని చెప్పేది. ఆ రోజుల గురించి అంతకు మించి మాట్లాడేది కాదు.

శంషాబాద్ దాటితే తొండుపల్లి, పాలమాకుల. అక్కడి నుంచి ముచ్చింతల్‌కు దారి. 2022లో 216 అడుగుల రామానుజుల విగ్రహం వచ్చినప్పటి నుంచి ఆ దారిలో బస్సులే బస్సులు. ఇంకా ముందుకు పోతే కొత్తూరు. దానికి దగ్గర్లోనే ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా, అందరూ జేపీ దర్గా అనేది. హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే చోటు. పెదనాన్న పుట్టకముందు ఇద్దరు పిల్లలు పోతే నానమ్మ ఇక్కడే మొక్కుకుంది. అప్పటి నుంచి మా ఇంట్లో కందూరు ఉంది. యాటపోతును కోసి, చెట్ల కింద వండి, ఫాతెహా ఇప్పించి, చుట్టపక్కాలకు కడుపునిండా పెట్టడం.

మొన్నటి కందూరులో ఆమె తమ్ముడి భార్యను కూర్చోబెట్టి అడిగాను. తొంభై దాటిన మనిషి. నానమ్మ తల్లి పేరు చెప్పింది, ఆ తల్లి అక్కచెల్లెళ్ల పేర్లు చెప్పింది, పోయిన ఇద్దరు పిల్లల పేర్లు కూడా. ఆ పిల్లలకు పేర్లున్నాయని మా పెదనాన్నకే తెలియదు. వంశవృక్షం కాగితం అక్కడే పరిచి అన్నీ రాశాను, ఎవరు ఏ ఊరి ఆడబిడ్డో పక్కనే వేశాను. నానమ్మ అమ్మమ్మ పేరు మాత్రం ఆమెకు రాలేదు. "షాబాద్ దిక్కు పిల్ల, కుమ్మరోళ్ల వాడ పక్కన ఇల్లు" అన్నది. శంషాబాద్ నుంచి షాబాద్‌కు పడమరగా రోడ్డుంది. ఈ వేసవి సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని ఆ వాడలో అడగడానికి వెళ్తున్నాను.