పన్నెండు అంకెలు: ఒక ఫిల్టర్ డైరీ

2025 జూన్ 3, మంగళవారం

పొద్దున మీటింగ్‌లో తేలిన సంగతి: బయటి భాగస్వామి సంస్థలకు వెళ్ళే రెస్పాన్సుల్లో ఆధార్ నంబర్ పూర్తిగా కనబడకూడదు. మాస్క్‌డ్ ఆధార్‌లో ఉన్నట్టు చివరి నాలుగు అంకెలే ఉండాలి. మా సర్వీసులేమో జావాలో కొన్ని, గో భాషలో కొన్ని, నోడ్‌లో కొన్ని. ఏ టీమ్ రిలీజ్ తేదీ ఆ టీమ్‌ది. అందరూ మార్చేదాకా ఆగితే ఈలోగా నంబర్లు వెళ్తూనే ఉంటాయి. వెళ్ళిపోయిన నంబర్‌ని వెనక్కి తెచ్చుకోలేం. పాస్‌వర్డ్ లాగా మార్చేసుకోమని ఆ మనిషికి చెప్పనూ లేం.

బయటికి వెళ్ళేవన్నీ దాటే చోటు ఒక్కటే ఉంది: సర్వీస్ మెష్ గేట్‌వేలోని ఎన్‌వాయ్ ప్రాక్సీ. అక్కడ మన కోడ్ పెట్టాలి. వెబ్‌అసెంబ్లీ (వాజమ్) ఫిల్టర్ రాస్తానని నేనే ముందుకొచ్చాను.

జూన్ 5, గురువారం

కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "ఎన్‌వాయ్ సీ ప్లస్ ప్లస్‌లోనే ఉంది కదన్నా, ఫిల్టర్ కూడా అందులోనే రాసి కలిపేయొచ్చుగా?"

కలిపేయొచ్చు. అప్పుడు ఎన్‌వాయ్ మొత్తాన్ని మనమే బిల్డ్ చేసుకోవాలి. సెక్యూరిటీ ప్యాచ్ వచ్చినప్పుడల్లా మళ్ళీ బిల్డ్, మళ్ళీ టెస్ట్. మన కోడ్‌లో ఒక్క పాయింటర్ తప్పితే గేట్‌వే ప్రాసెస్ మొత్తం కూలుతుంది. చిన్న పనులకు లూవా ఫిల్టర్ ఉంది కానీ, బైట్లు ఒక్కొక్కటిగా చూసే పనికి దాన్ని నమ్ముకోవాలనిపించలేదు. ఎక్స్‌టర్నల్ ప్రాసెసింగ్ అంటే బాడీని ఇంకో సర్వీసుకి పంపి తెప్పించుకోవడం. నెట్‌వర్క్ మీద అదనంగా ఒక ప్రయాణం.

ఆ ప్రయాణం సంగతి మా మెష్‌ని నడిపే ఇస్టియోకి అనుభవమే. 2017లో గూగుల్, ఐబీఎం, లిఫ్ట్ కలిసి ఇస్టియోని ప్రకటించినప్పుడు పాలసీ చెకింగ్, టెలిమెట్రీ అంతా మిక్సర్ అనే విడి సర్వీసు చూసుకునేది. ప్రాక్సీలు దాన్ని అడుగుతూ ఉండాలి. క్యాష్ పెట్టినా ఆలస్యం, సీపీయూ ఖర్చు తగ్గలేదు. 2020 మార్చిలో వచ్చిన 1.5 వెర్షన్‌తో మిక్సర్‌ని పక్కన పెట్టి, ఎక్స్‌టెన్షన్లు ప్రాక్సీ లోపలే వాజమ్‌గా నడవాలన్న దారి పట్టారు. అదే ఏడాది నవంబర్‌లో 1.8 వచ్చేసరికి మిక్సర్ పూర్తిగా పోయింది. ఈ ముక్క తెలియకుండా వాజమ్ ఎందుకో చెబితే ఫ్యాషన్ కోసం పెట్టినట్టుంటుంది. ఆ అమ్మాయికి ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను.

జూన్ 9, సోమవారం

పన్నెండు అంకెలు కనబడగానే ఆధార్ అనుకుంటే ఆర్డర్ నంబర్లు, కన్స్యూమర్ నంబర్లు అన్నీ మాస్క్ అయిపోతాయి. ఆధార్‌కి ఆనవాళ్ళు రెండున్నాయి. మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు. చివరి అంకె వెర్హూఫ్ చెక్ డిజిట్. జాకబస్ వెర్హూఫ్ డచ్చి గణితజ్ఞుడు, 1969లో దీన్ని ప్రచురించాడు. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్క తప్పకుండా పట్టేస్తుంది.

దీని అందం పట్టికలో ఉంది. మామూలు కూడికలో 3, 7 ఏ వరసలో కలిపినా ఒకటే. వెర్హూఫ్ పట్టికలో 3 తర్వాత 7 అయితే జవాబు 5. 7 తర్వాత 3 అయితే 9. ఇలాంటి జతల్లో వరస మారితే జవాబు మారుతుంది, తారుమారు అక్కడే దొరుకుతుంది. దీనికి తోడు స్థానాన్ని బట్టి అంకెను మార్చే పట్టిక ఇంకొకటి. మొదటిది పదికి పది, రెండోది ఎనిమిదికి పది. మొత్తం 180 బైట్లు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీని లోపలికి లాగి మాడ్యూల్‌ని లావు చేయాల్సిన పనే లేదు. సాయంత్రం చేత్తో లెక్కలు చేసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. ఇంత చిన్న లెక్క ఇంత పని చేయడం చూస్తే గౌరవం కలుగుతుంది.

అయినా పదింట ఒకటి తప్పించుకోలేం. ఏదో ఒక పన్నెండంకెల సంఖ్యకి చెక్ డిజిట్ యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశం పదిలో ఒక వంతు. కాబట్టి ఏయే రూట్లకు వర్తించాలో కాన్ఫిగ్‌లో రాసుకోవాల్సిందే.

జూన్ 11, బుధవారం

ఈ పనిలో అసలు చిక్కు ఇదీ. బాడీ ఒక్కసారిగా రాదు, ముక్కలుగా వస్తుంది. ఎన్‌వాయ్ ప్రతి ముక్కకీ మన ఫంక్షన్‌ని పిలిచి, ఇన్ని బైట్లున్నాయి, ఇది ఆఖరిదా కాదా అని చెబుతుంది. నంబర్‌లో ఏడంకెలు ఒక ముక్క చివర, అయిదంకెలు తర్వాతి ముక్క మొదట్లో పడితే? ఏ ముక్కలో చూసినా పన్నెండు ఉండవు. నంబర్ పూర్తిగా బయటికి పోతుంది.

వస్తున్న నీళ్ళని తొట్టిలో నింపి వడగట్టడం ఒక పద్ధతి, పారుతుండగానే వడగట్టడం ఇంకో పద్ధతి. తొట్టి పద్ధతి తేలిక: ఆఖరి ముక్క దాకా పాజ్ అంటూ పోతే ఎన్‌వాయ్ అంతా కూడబెట్టి ఇస్తుంది. కానీ బఫర్‌కి హద్దుంది. మనం మార్చకపోతే కనెక్షన్‌కి 1 ఎంబీ. రెస్పాన్స్ అది దాటితే వినియోగదారుడికి చేరేది ఎర్రరే. నెలవారీ స్టేట్‌మెంట్ దింపుకునే రూట్ ఒకటి మాకుంది, అది ఆ హద్దు దగ్గర ఆగదు.

అందుకని పారుతుండగానే. ముక్క చివర అంకెలుంటే వాటిని పంపకుండా మన దగ్గర పట్టి ఉంచి, తర్వాతి ముక్క ముందు అతికించి చూడాలి. ఆఖరి ముక్కలో మిగిలినదంతా వదిలేయాలి. నాలుగేసి అంకెల మధ్య ఖాళీ పెట్టి రాసేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి పట్టి ఉంచేది 14 బైట్ల దాకా వెళ్తుంది. దాని ముందున్న బైట్ అంకా కాదా అన్నదీ గుర్తుంచుకోవాలి. లేదంటే పదహారంకెల కార్డు నంబర్‌లోని పన్నెండిటిని ఆధార్ అనుకుంటాం.

జూన్ 12, గురువారం

జీజిప్. బ్యాకెండ్ కుదించి పంపితే మనకు అంకెలే కనబడవు. రిక్వెస్ట్ లోపలికి వెళ్ళేటప్పుడే యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్ తీసేశాం. కుదించే పని గేట్‌వేలోని కంప్రెసర్‌కి ఇచ్చాం. రెస్పాన్స్ దారిలో ఫిల్టర్లు తిరుగు వరసలో నడుస్తాయి. జాబితాలో కంప్రెసర్ మన కంటే ముందుంటేనే మన తర్వాత దాని వంతు వస్తుంది. కాగితం మీద బాణాలు గీసి చూసుకుంటే తప్ప ఇది బుర్రలో నిలవదు.

జూన్ 17, మంగళవారం

రివ్యూలో ఆ కొత్తమ్మాయి పట్టుకున్నది బంగారం. డ్రాఫ్ట్ కోడ్ ముక్కని యూటీఎఫ్-8 స్ట్రింగ్‌గా మార్చి, మారకపోతే పానిక్ అయ్యేలా ఉంది. ఇంగ్లీష్ డేటాతో టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి. ఆమె తెలుగు పేర్లతో టెస్ట్ పెట్టింది. తెలుగు అక్షరాల్లో ప్రతి కోడ్ పాయింట్‌కీ మూడు బైట్లు. "రాము" అని రాస్తే పన్నెండు బైట్లు. ముక్క ఎక్కడైనా తెగొచ్చు కదా. ర లోని రెండో బైట్ దగ్గర తెగితే ఆ ముక్క సరైన యూటీఎఫ్-8 కాదు. పానిక్.

ఫిల్టర్ రాస్తున్నది రస్ట్‌లో. రస్ట్‌లో పానిక్ అంటే వాజమ్‌లో ట్రాప్. ట్రాప్ అయితే ఆ ఒక్క రిక్వెస్ట్‌తో పోదు. ఆ వర్కర్ థ్రెడ్‌లో వాజమ్‌ని నడిపే వీఎం చెడిపోయినట్టే, దాని మీద నడుస్తున్న రిక్వెస్టులన్నిటికీ దెబ్బ. ఎన్‌వాయ్ మాత్రం కూలదు, పక్క ఫిల్టర్లు బాగానే ఉంటాయి. ఆ గోడ కట్టినందుకు వాజమ్‌కి దండం పెట్టాలి. అయినా ఇంగ్లీష్ పేర్లున్న వాళ్ళకి ఎప్పుడూ పనిచేసి, తెలుగు పేర్లున్న వాళ్ళకి అప్పుడప్పుడు ఆగిపోయే గేట్‌వే ఎంత అన్యాయమో! స్ట్రింగులన్నీ తీసేసి బైట్ల మీదే నడిచేలా మార్చాం. అంకెలు ఏ భాష మధ్యలో ఉన్నా ఒక్కో బైటే కదా. హిందీ, తమిళం, ఉర్దూ పేర్లు కూడా టెస్టుల్లో చేరాయి.

జూన్ 19, గురువారం

గంటన్నర చర్చ. ఫిల్టర్ చెడితే రెస్పాన్సులు మాస్క్ లేకుండా వెళ్ళాలా, అసలు ఆగిపోవాలా? వాజమ్‌ప్లగిన్ కాన్ఫిగ్‌లో ఇది ఒక్క లైను: ఫెయిల్ ఓపెన్, ఫెయిల్ క్లోజ్. ఏమీ రాయకపోతే క్లోజ్. మాడ్యూల్ దింపుకోవడం విఫలమైనా అదే వర్తిస్తుంది, రిక్వెస్టులకు 5తో మొదలయ్యే ఎర్రర్లు వెళ్తాయి.

సపోర్ట్ లీడ్ గారు అన్నారు: "ఆగిపోతే ఫోన్లు మాకు వస్తాయండి. నంబర్ కనబడితే ఎవరూ ఫోన్ చేయరు."

నిజమే, ఎవరూ చేయరు. నా వాదనా అదే. ఫోన్ రాని నష్టాన్ని ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి ఆ పక్కన నిలబడాల్సింది ఫిల్టర్ రాసినవాళ్ళే. మెట్రిక్స్ తీసే ఫిల్టర్ అయితే ఓపెన్ పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఇది మనుషుల గుర్తింపు నంబర్లు దాచే ఫిల్టర్. క్లోజ్ అని ఖాయం చేశాం. ఆయనా ఒప్పుకున్నారు, ఒక షరతుతో: ఆధార్ రాని రూట్లని ఈ ఫిల్టర్ ముట్టుకోకూడదు. న్యాయమైన షరతు.

జూన్ 24, మంగళవారం

మెమరీ. ఎన్‌వాయ్‌లో ప్రతి వర్కర్ థ్రెడ్‌కీ సొంత వీఎం, సొంత మెమరీ. మాడ్యూల్ ఎంత తింటుందో చూసుకుని థ్రెడ్లతో హెచ్చవేయాలి. పైగా బాడీలోని ప్రతి ముక్కా ఎన్‌వాయ్ మెమరీ నుంచి వీఎం మెమరీలోకి కాపీ, మార్చాక మళ్ళీ వెనక్కి కాపీ. గోడ ఉన్నందుకు కట్టే ధర ఇదే. చెత్త ఏరే రన్‌టైమ్ లోపల ఉండకూడదనే రస్ట్ ఎంచుకున్నాం. ముక్కలో అంకెలే లేకపోతే రాయకుండా వదిలేస్తున్నాం. ఎక్కువ రెస్పాన్సులకి తిరుగు కాపీ తప్పిపోయింది.

జూన్ 26, గురువారం

స్టేజింగ్‌లో ఒక సర్వీస్ ఆధార్‌ని జేసన్‌లో కొటేషన్లు లేకుండా సంఖ్యగా పంపుతోంది. మొదటి ఎనిమిదీ ఎక్స్‌లు చేస్తే అది జేసనే కాదు, అవతలి పార్సర్ తన్నేస్తుంది. సున్నాలు పెడదామంటే సున్నాతో మొదలయ్యే సంఖ్య జేసన్‌లో చెల్లదు. వేరే అంకెలు పెడితే ఇంకెవరి నంబరో అనిపిస్తుంది, అది అబద్ధం. కొటేషన్లు మనమే చేర్చాలి. చేరిస్తే పొడుగు రెండు బైట్లు పెరుగుతుంది. అంకె స్థానంలో ఎక్స్ పెట్టినంత కాలం పొడుగు మారదు, కంటెంట్-లెంగ్త్ జోలికి పోనక్కర్లేదు. ఇప్పుడు హెడర్ల దశలోనే దాన్ని తీసేయాలి, బాడీ మొదలయ్యాక హెడర్లు మన చేతిలో ఉండవు.

ఇంకో రూట్‌లో బాడీకి డిజిటల్ సంతకం ఉంది. ఒక్క బైట్ మార్చినా సంతకం చెల్లదు. దాన్ని ఫిల్టర్ నుంచి తప్పించి, ఆ సర్వీస్ లోపలే మార్చాలని రాసిచ్చాను. బేస్64లో చుట్టి పంపేవీ అంతే. ప్రాక్సీలో కూర్చున్న కోడ్‌కి అర్థం తెలియదు, బైట్లే తెలుసు. ఇది చేయలేని పనిని చేస్తానని ఎవరికీ మాటివ్వకూడదు.

జూలై 1, మంగళవారం

మాడ్యూల్‌ని ఓసీఐ ఇమేజ్‌గా మా రిజిస్ట్రీలో పెట్టాం. ఇస్టియో ఏజెంట్ దింపుకుని ఎన్‌వాయ్‌కి అందిస్తుంది, గేట్‌వే పాడ్ రీస్టార్ట్ అక్కర్లేదు. ట్యాగ్‌తో కాకుండా ఎస్‌హెచ్‌ఏ-256తో కట్టేశాం. అందరి రెస్పాన్సులూ చదివే కోడ్ ఇది, అదే పేరుతో ఇంకొకటి వచ్చి కూర్చోకూడదు. ముందు ఒకే ఒక భాగస్వామి గేట్‌వే మీద పెట్టాం.

జూలై 4, శుక్రవారం

డీబగ్ లాగ్‌లో దొరికిన నంబర్‌ని అచ్చు వేసే లైను ఒకటి రివ్యూలో కనబడింది, తీయించాను. దాచాల్సిన దాన్ని లాగ్‌లో రాసుకోవడం కంటే పెద్ద పొరపాటు ఈ పనిలో ఉండదు. రూట్ పేరు, ఎన్ని దొరికాయి అన్న కౌంటర్, అంతే.

జూలై 10, గురువారం

ఎన్‌వాయ్‌లో డైనమిక్ మాడ్యూల్స్ అని కొత్త దారి వచ్చింది: రస్ట్‌లో రాసి, షేర్డ్ లైబ్రరీగా నేరుగా ప్రాసెస్‌లోకి ఎక్కించడం. రెండు వైపులా కాపీలు ఉండవు, వేగం బాగుంటుంది. గోడ కూడా ఉండదు. మన తప్పు ప్రాసెస్ అంతటికీ తగులుతుంది. ఒకే టీమ్ వాడుకునే ప్రాక్సీ అయితే ఆలోచిస్తాను. అందరూ దాటే ఈ గేట్‌వేలో, అంకెల కోసం వెతికే కోడ్‌కి నేను వాజమ్‌నే కోరుకుంటాను.

కౌంటర్ వల్ల అనుకోని మేలు జరిగింది. ఏ రూట్‌లో అది కదులుతోందో ఆ టీమ్‌కి టికెట్ వెళ్తోంది. ఒక జావా టీమ్ తమ దగ్గరే మాస్క్ చేయడం మొదలుపెట్టింది, వాళ్ళ రూట్‌లో కౌంటర్ మూడు రోజులుగా సున్నా. కొటేషన్లు లేని సర్వీస్ వాళ్ళు వచ్చే రిలీజ్‌లో స్ట్రింగ్‌గా మారుస్తామన్నారు. సంతకం ఉన్న రూట్ ఇంకా మిగిలే ఉంది. సోమవారం వాళ్ళతో కూర్చోవాలి.