కదలలేని జీవుల కలయిక

కాళ్ళున్న ప్రాణి తనకు కావలసినదాని వద్దకు నడచిపోతుంది. రెక్కలున్నది ఎగిరిపోతుంది. రెండూ లేని జీవి ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు ప్రకృతి చెప్పిన సమాధానం రొట్టెల పిండిలోను, వానాకాలపు బూజులోను కానవస్తుంది. కదలలేనిది పెరగాలి. అదీ నలువైపులా కాదు, కావలసిన దిక్కుకే పెరగాలి.

రొట్టెను పొంగించే ఈస్టునే తీసుకుందాం. మిల్లీమీటరులో సుమారు రెండువందలవ వంతు ఉండే ఏకకణజీవి అది. ఆహారం దొరికినంతకాలం మొగ్గ తొడుగుతూ సంతతిని పెంచుకుంటుంది. ఇందులో 'ఎ' అనీ, 'ఆల్ఫా' అనీ రెండు తెగలు. పైకి ఏ భేదమూ కనబడదు. ఒక తెగ వెలువరించే రసాయన సందేశం రెండవ తెగ కణాన్ని తాకగానే అది విభజనను ఆపుకుంటుంది. సందేశం ఏ వైపునుండి చిక్కగా వస్తున్నదో గ్రహిస్తుంది. లోపలి ఆక్టిన్ తీగలు ఆ వైపుకు బారులు తీరుతాయి. గోడ కట్టే సామగ్రి నింపుకున్న సంచులు ఆ తీగల వెంబడి ఆ ఒక్క చోటికే చేరుతాయి. గుండ్రని కణం సొరకాయ బుర్రవలె ముక్కు సాచుతుంది. అమెరికా వ్యంగ్యచిత్రకారుడు ఆల్ క్యాప్ 1948లో సృష్టించిన 'ష్మూ' అనే వింతజీవిని పోలి ఉన్నదని శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరే పెట్టారు. రెండు ముక్కులు తాకినచోట గోడలు కరిగి, రెండు కణాలు ఒక్కటవుతాయి.

బూజు పద్ధతి ఇంకొంచెం దీర్ఘమైనది. దాని తంతువు కొసవద్ద మాత్రమే పెరుగుతుంది. వెనుక భాగమంతా కట్టి ముగించిన గోడ. న్యూరోస్పోరా అనే బూజులో ఆడ తంతువు ఒకటి బయటకు సాగి, ఎదుటి తెగ కణం ఉన్న దిక్కుకు వంపు తిరిగి మరీ దానిని చేరుకుంటుంది. పుట్టగొడుగుల వివాహం మరింత విచిత్రం. నేల లోపల రెండు తంతువులు కలుస్తాయి గాని, వాటి కేంద్రకాలు వెంటనే ఏకం కావు. జంటలుగా, పక్కపక్కనే ఉంటూ తంతువుతోపాటు వ్యాపిస్తాయి. గొడుగు విచ్చుకున్న తరువాత, దాని అడుగు మడతలలో గాని అవి ఒక్కటి కావు. పెళ్ళయి కాపురానికి వెళ్ళకుండా పుట్టింట ఉండిపోయిన పాతకాలపు వధువు ఇక్కడ జ్ఞాపకం రాకమానదు.

మేము కాపురముంటున్న ఈ రాయపూర్‌లో వానలు పడగానే సంతలకు పుట్టగొడుగులు వస్తాయి. ఛత్తీస్‌గఢీలో వాటిని 'ఫుటూ' అంటారు. పొరుగింటి అమ్మ ఆప్యాయంగా గిన్నెలో పెట్టి ఇస్తే, మా ఇంట పెద్దవారు ముందు అనుమానంగా చూచి, తరువాత రెండవసారి వడ్డించుకున్నారు. వీటిలో మేలురకాలు కొన్ని చెదపుట్టలపైనే మొలుస్తాయి. చెదలు తమ గూటిలో ఆ శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. ఈ బంధుత్వాన్ని మన పూర్వులు ఏనాడో గమనించి, ఆ మాటలోనే పుట్టనూ గొడుగునూ కలిపి ఉంచారు.

తెలుగువాడి పేరు మోసే బూజు కూడా ఒకటి గలదు. 1895లో భీమవరంలో జన్మించి అమెరికాలో ఔషధ పరిశోధనకు జీవితాన్ని ధారపోసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో పరమపదించారు. ఐదేండ్ల తరువాత, మురుగునీటిని శుద్ధిచేసే వడపోతలలో కనుగొన్న ఒక శిలీంధ్రానికి హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు 'సుబ్బరోమైసిస్' అని నామకరణం చేశాడు. మురుగును శుభ్రపరచేచోట బ్రతికే జీవికి ఆ మహనీయుని పేరు పెట్టడంలో లోపమేమీ మాకు కానరాలేదు.

ఇదంతా వింతగా విని ఊరుకోదగిన విషయం కాదు. ఒకవైపుకే పెరగగల ఈ శక్తి అన్నివేళలా జంటకోసమే ఉపయోగపడదు. వరికి అగ్గితెగులు తెచ్చేది కూడా ఒక శిలీంధ్రమే. దాని బీజం ఆకుపై పడి చిన్న మొలక వేస్తుంది. మొలక కొస గుమ్మటంలా ఉబ్బుతుంది. అందులో పీడనం వాతావరణ పీడనానికి ఎనభై రెట్ల వరకు పెరుగుతుంది. అప్పుడు గుమ్మటం అడుగున ఒకే ఒక్క చోట సన్నని మేకు మొలచి ఆకును చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ మేకు చుట్టూ వలయంగా నిలిచే సెప్టిన్ అనే ప్రోటీన్లు శాస్త్రలోకానికి మొదట తెలిసింది ఈస్టు మొగ్గ మెడవద్దనే. ఈస్టుపై పరిశోధించిన హార్ట్‌వెల్‌కు 2001లో మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమానం లభించింది. రొట్టెపిండిలోని కణం మొగ్గ తొడిగే తీరు తెలియకుంటే వరి శత్రువు ఆయుధం మనకు ఇంతగా అర్థమయ్యేది కాదు.

'ధాన్ కా కటోరా' అని పేరుపడ్డ ఈ ప్రాంతంలో ఆ ఆయుధం బలమెంతో రైతుకు తెలుసు. శత్రువు రూపం మార్చుకున్నపుడల్లా తట్టుకునే వంగడం మరొకటి కావాలి. డాక్టర్ రిచారియా ఊరూరా సేకరించిన వరి రకాలకు కొత్తవి తోడై, నేడు ఇక్కడి ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇరవై వేలకు పైగా భద్రంగా ఉన్నాయి. ఆ గింజలలో ఏది రేపటి అగ్గితెగులును నిలువరిస్తుందో పరీక్షించి చూడవలసిందే. అందుచేత ఏ ఒక్క రకాన్నీ పోగొట్టుకునే స్వేచ్ఛ మనకు లేదు. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడి బియ్యమే తింటున్న మాబోటి వారు పిల్లలకు ఈ మాట చెప్పి ఉంచడం మంచిది.