వ్యాయామమూ, ఆయాసమూ

వ్యాయామం, ఆయాసం – ఈ రెండు మాటలూ చెవికి దగ్గరి చుట్టాల్లా వినిపిస్తాయి గాని ఒకే ధాతువునుండి పుట్టినవి కావు. మొదటిదానికి మూలం ‘యమ్’, రెండవదానికి ‘యస్’. ఒకటి దేహాన్ని చాచి విస్తరింపజేసేది. రెండవది ప్రయాసపడి అలసిపోవడం. ఈ భేదాన్ని ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పిన నేను, ఇంట్లో మాత్రం గుర్తించలేకపోయాను.

“ఇంటిచాకిరీ చేసే ఆడవారికి వేరే వ్యాయామమెందుకు?” అని ఒకప్పుడు తరచుగా అనేవాణ్ణి. నా శ్రీమతి కాదనలేదు. కాదనడానికి తీరిక ఉంటే కదా! తన 58వ ఏట పెరట్లో కాలు జారి, చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. అంతమాత్రానికే విరగడమేమని పరీక్షలు చేయించిన వైద్యుడు, ఎముకలు గుల్లబారాయన్నారు. ముట్లుడిగిన తరువాత స్త్రీల ఎముకలు త్వరగా పలచబడతాయనీ, వయసుతో కండ కూడా తరుగుతుందనీ, కండరాలకు బలమిచ్చే కదలిక ఆ నష్టాన్ని కొంత ఆపుతుందనీ వివరించారు. ఇంటిపని కదలిక కాదని కాదు; కాని గంటలకొద్దీ పొయ్యి దగ్గర నిలబడితే నడుముకు నొప్పే గాని బలం రాదు.

మా అమ్మాయికిప్పుడు 46. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మొన్న జనవరిలో ఏడాది రుసుము ఒక్కసారే కట్టి జిమ్ములో చేరింది. మూడవ వారానికే మానేసింది. “నాకు పట్టుదల లేదు నాన్నగారూ!” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె దినచర్యను కాగితం మీద వ్రాసి చూశాను. ఉదయం 5 గంటలనుండి రాత్రి 10.30 వరకు పట్టుదల తప్ప మరొకటి కనిపించలేదు. లేనిది అరగంట కాలం మాత్రమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది, పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలనీ. పది నిమిషాలకు తక్కువైన కదలిక కూడా లెక్కలోకి వస్తుందట. ఎంత శ్రమ? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. బలవంతులైనా తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఎప్పుడో చెప్పాడు. సగమన్న ఆ మాట మా అమ్మాయికి మందులా పనిచేసింది.

ఇప్పుడు వారంలో ఐదు రోజులు సాయంత్రం అరగంట నడక. రెండు రోజులు కుర్చీలోనుంచి చేతులానకుండా పదిమార్లు లేవడం, గోడకు చేతులానించి దేహాన్ని తోయడం, నీళ్ళు నింపిన సీసాలు ఎత్తి దించడం. మోకాలు సలిపిన నాడు విశ్రాంతి. తప్పిన రోజుకు పశ్చాత్తాపం లేదు. పిల్లలు వదిలేసిన అన్నం పారేయలేక తినే అలవాటు మాని, పప్పు, పెరుగు, గుడ్డు తన కంచంలో ముందుగా వడ్డించుకుంటోంది. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి మరి. నాలుగు నెలలలో తూకం పెద్దగా మారలేదు. మెట్లెక్కితే రొప్పడం తగ్గింది, నిద్ర పడుతోంది.

ఆ అరగంట ఎక్కడినుండి వచ్చిందంటారా? సాయంత్రం 6 నుండి 6.30 వరకు వంటిల్లు నాది. కూరలు తరుగుతాను, బియ్యం కడుగుతాను, మనుమల చేత ఎక్కాలు చెప్పిస్తాను. మొదటినాడు పప్పులో ఉప్పు వేయడం మరిచాను. ఎవరూ నవ్వలేదు, అదే కాస్త బాధించింది.

తల్లీకూతుళ్ళిద్దరూ కలిసే నడుస్తారు. నిన్న వాళ్ళు తిరిగి వస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. శ్రీమతి ఎడమ చేయి ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఈ అరగంటను నేను ముప్పయ్యేళ్ళ క్రితమే ఇచ్చి ఉండవలసిందని ఆమె ఎన్నడూ అనలేదు. నాకే అనిపించింది.

మిత్రులారా, మీ ఇంట్లో నలభై దాటిన తల్లి ఉంటే వ్యాయామం చేయమని హితవు చెప్పకండి. ఆమె చేతిలోని పని ఒకటి ఈ సాయంత్రమే పుచ్చుకోండి.